తలుపు తీయని పాఠాలు

తపాలా ద్వారా రచన నేర్పే సంస్థ. ప్రిన్సిపాల్ గదిలో బల్లకి ఇటు ఆవిడ, అటు పాఠాలు రాసే మాస్టారు, మధ్యలో వచ్చే ఏటి పాఠాల పుస్తకం.

“ఆఖరికి కుళాయి లేఖ కూడానా, మాస్టారూ?”

“కుళాయి లేఖకేమైంది, మేడమ్?”

“చదువుతా, వినండి. ‘మునిసిపాలిటీ వారికి. మా వీధి కుళాయి పాడైంది. మా నాన్న ఇంటిపట్టున ఉండే మనిషైతే ఆయనే బాగుచేసేవాడు.’ మునిసిపాలిటీ వాళ్ళకెందుకండీ మీ నాన్న సంగతి?”

“మా నాన్న కాదు, లేఖ రాసేవాడి నాన్న. అర్జీలో కూడా ఒక మనిషి కనబడాలని...”

“కనబడుతున్నాడు. పుస్తకం నిండా ఆయనే. వర్ణన పాఠంలో ‘వాకిట్లో నాన్న చెప్పులు లేవు’. లేని చెప్పుల్ని అరపేజీ వర్ణించారు! కుక్క మీద వ్యాసంలో ఏమో, ‘కుక్క చెప్పాపెట్టకుండా ఇల్లు వదిలిపోదు’.”

“కుక్క విషయంలో అది నిజమే కదా.”

“మా కుక్క రెండుసార్లు పోయింది.”

“మేడమ్, పుస్తకం ఇవాళ ప్రెస్సుకి వెళ్ళాలి. అచ్చుతప్పులుంటే చెప్పండి, దిద్దేస్తాను.”

“అచ్చుతప్పులు ఒక్కటీ లేవు. ఏటా వేసే ఆ ఆఖరి పాఠమే మొత్తం తప్పు. ‘కథలో క్షమించడం రచయిత బద్ధకం. వెళ్ళిపోయినవాడు తిరిగొస్తే తలుపు తీయకూడదు. తీశారా, కథ చచ్చింది.’ ఇదెక్కడి సూత్రమండీ?”

“నా అనుభవం.”

“అదే నేనూ అంటున్నా. పాఠం రాయమంటే మీ పంతం రాసుకొచ్చారు. పిల్లలేం చేస్తారు పాపం, మార్కులు కావాలి. ఈ ఏడు వచ్చిన కథలన్నీ చదివాను. ఒక్కొక్కరూ తండ్రిని గుమ్మంలోంచే తరిమేశారు. ఒకమ్మాయైతే ముందుగా వాళ్ళ నాన్నకి చెప్పుకుందట, ‘నాన్నా, మార్కుల కోసం నిన్ను గెంటేస్తున్నా, ఏమనుకోకు’ అని.”

“ఆ అమ్మాయి బాగా రాసింది. ఎనభై ఇచ్చాను.”

“ఆయనకి మాత్రం సున్నా ఇచ్చారు.”

“ఎవరికి?”

“తెలీదా మీకు?”

“ఎంతమందికో దిద్దుతాను. ఎవరని గుర్తుంటుంది?”

“ఏటా తప్పి, ఏటా మళ్ళీ చేరే పెద్దాయన. ఏ కథ రాసినా అందులో కొడుకు తలుపు తీస్తాడు. మీరు అడ్డంగా కొట్టేస్తారు. మొదటిసారి పక్కన ఏం రాశారో గుర్తుందా?”

“లేదు.”

“‘ఈ కొడుకు తలుపెందుకు తీశాడు? కారణం కనబడటం లేదు.’ సరే అని పాపం కారణం వెతుక్కొచ్చాడు. వానలో తడుస్తుంటే తీశాడని రాశాడు. ‘వాన చవకబారు’ అన్నారు. మరుసటేడు జబ్బు పెట్టాడు. ‘జబ్బు ఇంకా చవక’ అన్నారు.”

“చవకే కదా? జాలి పుట్టించి తలుపు తీయించుకుంటాడా? ఏం హక్కుందని?”

“ఎవరికి?”

“పాత్రకి. పాత్ర గురించే మాట్లాడుతున్నా.”

“నేనూ పాత్ర గురించే. ఈసారి కథలో వానా లేదు, జబ్బూ లేదు. ముసలాయన తలుపు తట్టి, ‘తప్పు నాదే. మీ అమ్మ పోయినప్పుడు కూడా రాలేకపోయాను, మొహం చెల్లలేదు. లోపలికి రమ్మనొద్దులే, ఒక్కసారి చూసిపోతా’ అంటాడు. కొడుకు తలుపు తీస్తాడు. మళ్ళీ సున్నా! పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏం?”

“ఎర్ర పెన్ను అయిపోయింది.”

“అబద్ధమైనా కాస్త నేర్పుగా చెప్పండి మాస్టారూ, రచన నేర్పే మనిషి మీరు.”

“ఇంతకీ నన్నేం చెయ్యమంటారు?”

“ఆ పాఠం తీసెయ్యండి, ఆయన్ని పాస్ చెయ్యండి. చెయ్యనంటారా, కిందకి దిగి ఆ మాటేదో ఆయనకి మీరే చెప్పండి.”

“కిందకా?”

“వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ చేరడానికొచ్చాడు. ‘మాస్టారికి ఎలా రాస్తే నచ్చుతుందో కాస్త కనుక్కుని చెప్పమ్మా, అలాగే రాస్తా’ అన్నాడు.”

“నన్ను... నన్ను అడిగాడా?”

“పేరు పెట్టి అడగలేదు. మాస్టారూ అనే అన్నాడు, ఎంతో మర్యాదగా. నేనైతే మొహం చూసి ఉలిక్కిపడ్డాను. అచ్చం మీ మొహమేనండీ, ఇంకో పాతికేళ్ళు వాడేసినట్టుంది. ఏమండీ? అటు కిటికీ వైపు చూస్తారేం? మీ నాన్నగారే కదా?”

“ఈ కిటికీ రెక్క ఊడేలా ఉంది, మేడమ్.”

“మాస్టారూ!”

“అవును.”

“అంటే మీకు తెలుసా?”

“మొదటి కథలోనే తెలిసింది. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి, మేడమ్.”

“తెలిసి తెలిసి, ఇన్నేళ్ళూ ఆ ముసలాయన్ని తప్పిస్తూ వచ్చారా? ఎంత కక్షండీ మీకు! అంత గిట్టనివాడైతే ఒక్కసారి పాస్ చేసి వదిలించుకోవచ్చుగా!”

“పాస్ చేస్తే మళ్ళీ రాయడు కదా, మేడమ్.”