అవ్వ ఒళ్లో ఫోను

హలో… ఆ, నేనేనప్పా, ప్రియ… కాదు, ఇది మా వనజాక్షి చిన్నమ్మ ఫోను. నాది నాయన జేబులో ఉండాది.

లేదు, స్పీకర్లో పెట్టలా. ఒట్టు… మిద్దె మీద ఉండా. చిన్నమ్మ మెట్ల కాడ కాపలా నిలబడింది. నాయన చీనీ తోటకు నీళ్లు కడ్తాండాడు. ఆ మోటరు ఆడినంత సేపే మనకు టైము, విజయ్. అది నిల్చిందంటే పెట్టేయల్ల. ఏమనుకోవద్దు.

ఎట్ల చెప్పల్లో తెలీడం లేదు… నిన్న మాపు నువ్వు మాట్లాడింది మా ఇంట్లో అందరూ ఇన్నారు.

ఏదంటే… అంతా. ఇంటర్వ్యూ ప్రాక్టీసు అయినంక తెలుగులో చెప్తివే, అది. 'ముంబై బ్యాంకులో ఇంటర్న్‌షిప్ వచ్చిందంటే మీ నాయన మన పెండ్లికి అడ్డం చెప్పడులే' అని… 'మా అమ్మ నీకు చీర తీసిపెట్టింది' అని… ఆ. అదీ ఇన్నారు.

ఎట్లనా? మా ఇండ్లల్లో ఫోనంటే స్పీకరే గదప్పా. చెవికి పెట్టుకుంటే దొంగమాటలంటారు. దినామూ మాపు అందరూ వసారాలో చేరేది 'మా పాప ఇంగ్లీషు' అని నా మాటలు ఇనేదానికే. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా పక్కింటి నరసింహులు మామ గూడా వస్తాడు, సినిమాకు వచ్చినట్ల. అయిపోతానే నేను స్పీకరు తీసేసి లోపలికి పోతాంటి. నిన్న ఫోను అవ్వ ఒళ్లో ఉన్నింది. 'బలే చెప్తివి మా' అని నా రెండు చెంపలూ పట్టుకోనింది. నేను చేతులు ఇడిపించుకునే లోపల నువ్వు…

కాదు, నిన్ను అనడం లేదు. నిన్ను కోచింగ్ సారని చెప్పింది ఎవరు? నేనే గదా.

నాయన గుత్తి బస్సులో నీకు చీనీకాయలు పంపిస్తాండె చూడు, పాపం. ఏరి ఏరి పెద్దవి పెట్టేటోడు. 'సారు మన పాప కోసం గొంతు నొప్పి పెట్టుకుంటాండాడు' అనేటోడు. మా ఇంట్లోకి అట్లాంటి కాయ ఒక్కటి రాలా.

అడిగినాడు. 'సారు ఎవరి పిల్లోడు మా?' అని… చెప్పినా. ఇంక ఏం దాస్తా? సుంకమ్మ కొడుకు అని చెప్పినా. 'మన చేన్లో కూలికి శెనక్కాయ పెరికిన సుంకమ్మనా?' అన్నాడు…

ఊఁ, ఇంకా అన్నాడు… వద్దు… చెప్పనంటే చెప్పను విజయ్. అది నీ చెవిన పడకూడదు.

కొట్టలా. అరవను గూడా అరవలా. అన్నం ముందర నుంచి లేసిపోయినాడు, అంతే. కొట్టింటే బాగుండు.

పొద్దున పిల్చినాడు. అవ్వను మంచం మీద కూసోబెట్టినాడు. 'మీ అవ్వ తల మీద చెయ్యి పెట్టి చెప్పు, ఆ పిల్లోనితో ఇంక మాట్లాడనని. చెప్తే రేపు నెమ్మదిగా ఇంటర్వ్యూకు కూసో. పని వచ్చిందంటే ముంబైకి నేనే వచ్చి దిగబెడ్తా. ల్యాదంటే ఇంటర్వ్యూ లేదు, కాలేజీ లేదు' అన్నాడు.

…

హలో? ఉండావా?

పెట్టినా.

చెయ్యి పెట్టినానప్పా, అవ్వ తల మీద.

…అవ్వనా? మొన్న అడిగె చూడు, ఈ బ్యాంకోళ్లు ఏం పని చేస్తారు మా అని? ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేటప్పుడు విలువ కట్టి, ఇద్దరికీ నచ్చజెప్పి కలుపుతారంటి. 'ఓసి, పెండ్లి సంబంధాలు కుదిర్చేటోళ్లే గదా' అని ఎంత నవ్వె! ఈ పొద్దు నేను చెయ్యి పెడ్తే కండ్లు మూసుకోనింది.

ఆ, ఒట్టు తప్పే మాట్లాడ్తాండా. భయం కాకుండ ఎట్లుంటాది? పొద్దున్నుంచి మూడుసార్లు పోయి చూసొస్తి, అవ్వకు ఊపిరాడ్తాండాదా అని… ఈ ఫోను ఎందుకు చేసినానంటే, మాపు నువ్వు నా నంబరుకు చేస్తావు గదా. నాయన ఎత్తుతాడు. నిన్నేమంటాడో, మీ అమ్మను ఏమంటాడో… నేను ఆడనే నిలబడుకోని ఇనల్ల. నా వల్ల కాదు. ఇంక ఆ నంబరుకు చెయ్యొద్దు విజయ్.

…

ముంబైకి పోయినంకనా? ఆడ ఎవరికి తెలుస్తాదంటావా… నాకు తెలుస్తాది గదా. అవ్వకు ముల్లు గుచ్చుకున్నా, ఇది నా వల్లనే అనుకుంటా. నీతో మాట్లాడ్తా దినామూ ఆయమ్మ సావును లెక్కేసుకోమంటావా?… ల్యా. వద్దప్పా. అట్లనొద్దు.

ఏమంటివి?… నువ్వా, ఆ పనా అంటే…

నిజమే చెప్పల్లనా?

నాయన ఒట్టు పెట్టమన్నాడు చూడు… నేను ఏడ్సలా. కాళ్లు పట్టుకోలా. ఒక మాట ఎదురు చెప్పలా. టక్కున పెట్టినా చెయ్యి. పెట్టినంక తెలిసె, ఏం చేస్తినో. నాకు ఆ పని కావల్ల విజయ్. ఈ ఊర్నుంచి పోవల్ల. నువ్వంటే నాకు పానం, అయినా పెట్టినా. నాయన బలవంతం చేసినాడని చెప్పి నీ కాడ మంచిదాన్ని అనిపించుకుందామనుకుంటి… నోరు రాలా.

నువ్వూ నాతోనే ఈ పనికి పెడ్తివి, నీకు మొదటి రౌండులోనే పోయె. ఇంకొకరైతే నా మొగం గూడా చూసేటోళ్లు కాదు. నువ్వు దినామూ కూసోని, ప్రశ్నలు రాసుకోని, నన్ను తయారు చేస్తివి. నిన్ను ఇడిసిపెట్టిపోయేదానికి నువ్వే నాకు దావ చూపించినట్లయిపాయ…

తిట్టు. ఏమన్నా అను.

…

ఏంది?… 'ఈ పనే ఎందుకు' అని అడిగితేనా? ఇప్పుడు అదెందుకప్పా?…

సరే. చెప్తా. నువ్వు చెప్పిందే చెప్తా… 'మా తోట కాడికి దళారి వస్తాడు. చెట్టు మీద కాయ చూసి ధర చెప్తాడు. మా నాయన తల ఊపుతాడు. ఆ ధర ఎట్ల కట్టినాడో మా నాయనకు ఎవరూ చెప్పలా. అది నేర్చుకోవల్లనే నేను వచ్చినా' అని… ఆ. అది నువ్వు తెలుగులో చెప్పిన రోజు నాయన తువ్వాలతో కండ్లు తుడుసుకున్నాడు. 'సారుకు మన బతుకు ఎంత తెలుసు మా' అన్నాడు.

నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది? తోటల్లో కూలికి ఆ కాయలు కోసినోళ్లు మీరే గదా.

…ఆ, రేపు తొందరగా మాట్లాడను. నీళ్లు పక్కన పెట్టుకుంటా. తెలీకపోతే తెలీదంటా… చాలు విజయ్. ఇంక చాలు. నువ్వు ఇంత మంచిగా మాట్లాడ్తాంటే నేను సచ్చిపోతా.

ఏడుస్తాండావా?… మీ అమ్మ ఆడనే ఉండాదా? ఆయమ్మకు… ఆ చీర ఇంకెవరికన్నా ఇయ్యమను. ఉంచద్దు.

ఆ, ఇనపడింది చిన్నమ్మా. మోటరు నిల్చిపాయ.

విజయ్, పెట్టెయ్… నేను పెట్టలేను, నువ్వే పెట్టెయ్యప్పా… ఏమీ చెప్పద్దు… పెట్టు…

హలో?

విజయ్?

…

పెట్టేసినాడు చిన్నమ్మా. ఇంద, నీ ఫోను. ఆ నంబరు తుడిసెయ్… నువ్వే తుడుసు. నాకేమీ కనపడ్డం లేదు.