పాలవాగు నీళ్లడుగున పుష్పలత గారు పెంచిన అడవి

1989వ సంవత్సరం జూలై పదిహేడవ తేదీ, సోమవారం నాడు, బూర్గంపాడు సమీపంలోని మన జలజీవ కేంద్రంలో క్షేత్ర సహాయకురాలిగా పుష్పలత గారు బాధ్యతలు స్వీకరించారు. ముదిగొండ దగ్గరి వ్యవసాయ కుటుంబంలో జన్మించి, ఖమ్మంలో జంతుశాస్త్రం అభ్యసించి, ఇరవై ఐదేళ్ల ప్రాయంలో ఒక రేకు పెట్టెతో బస్సు దిగిన ఆ యువతి, ముప్పై ఆరేళ్ల నిర్విరామ సేవ అనంతరం ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భంలో వారిని గురించి నాలుగు మాటలు రాసే బాధ్యత ఈ వ్యాసకర్త మీద పడింది.

వ్యాసకర్త పేరు వెంకటనారాయణ. అదే రోజున, అదే రిజిస్టరులో, వారి పేరు కింద సంతకం చేసిన మనిషి. సన్మాన సంచికలో తనను గురించి ‘నేను, నేను’ అని రాసుకోవడం మర్యాద కాదు గనుక, అతణ్ణి కూడా ఇక్కడ మరో ఉద్యోగిగానే చెప్పుకోవడం సమంజసం.

అక్షరక్రమంలో ‘ప’ తరువాతే ‘వ’ వస్తుందని తెలిసి కూడా, తన పేరు రెండో వరుసలో ఉండడం ఆ రోజే వెంకటనారాయణకు గుచ్చుకుంది. ఆవిడది డిగ్రీ, తనది పీజీ. పెనుబల్లిలో నాలుగు తరాలుగా పేరున్న కుటుంబం తనది. అయినా జీపు దిగగానే గూడేల జనం ఆవిణ్ణి ‘అక్కా’ అని పిలిచేవారు, తనను ‘సారు’ అనేవారు. ‘సారు’ అన్న మాటలో గౌరవం ఉన్నదనీ, ‘అక్కా’ అన్న మాటలో మరేదో ఉన్నదనీ, ఆ మరేదో తనకు ఎన్నడూ దక్కదనీ అతనికి మొదటి ఏడాదిలోనే అర్థమైంది. అతని సతీమణి హైమ ఒకసారి అన్నం వడ్డిస్తూ, “ఇంటికొచ్చిన కాడి నుంచి ఆమె సంగతే చెప్తున్నారు. మీ ఆఫీసులో ఇంకెవ్వరూ లేరా ఏంది?” అన్నారు. ఆ తరువాత వెంకటనారాయణ ఇంట్లో ఆవిడ పేరు ఎత్తడం మానేశాడు. మనసులో మానలేదు.

తొలి పదిహేనేళ్లలో పుష్పలత గారు గోదావరి ఉపనదులలోని చేపజాతుల వివరాలను వాగు వాగుకూ నడిచి సేకరించారు. వారి చేతిరాత పుస్తకాలు నేటికీ మన గ్రంథాలయంలో ఉన్నాయి. అదే కాలంలో వెంకటనారాయణ రెండు పదోన్నతులు పొంది వారి కంటే పై కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో నుంచే 2004లో అతడు పాలవాగు జలాశయాన్ని గురించి ఒక నివేదిక రాశాడు.

అడవి అంచున ఉన్న ఆ జలాశయం అడుగున అప్పట్లో నిలువెత్తు నీటిగడ్డి ఉండేది. రిబ్బనులా పలుచగా, పొడవుగా పెరిగి, నీటిలో ఒక అడవిలాగా కదులుతూ ఉండేది. వలలు చిక్కుకుంటున్నాయని కొందరు మొర పెట్టుకోగా, గడ్డిచేప పిల్లలను వదిలితే అవే మేసి శుభ్రం చేస్తాయని వెంకటనారాయణ సిఫారసు చేశాడు. అవి మేశాయి. మూడేళ్లలో అడుగు బోడిగా మారింది. అతనికి ప్రశంసాపత్రం వచ్చింది. దానిని ఫ్రేము కట్టించి ఇంట్లో ముందుగదిలో పెట్టుకున్నాడు. మరి నాలుగేళ్లకు నీళ్లు ఏడాది పొడవునా ఎర్రగా, మడ్డిగా నిలిచిపోయాయి. జెల్లలు, బొమ్మిడాయిలు, కొర్రమీను పిల్లలు కనబడకుండా పోయాయి. వలలు ఎక్కడా చిక్కుకోలేదు, వాటిలో ఏమీ పడనూ లేదు.

ఎందుకని అడగడానికి పుష్పలత గారు గట్టు పక్కనే ఉన్న కోయ గూడేనికి వెళ్లి కన్నమ్మ ముందు కూర్చున్నారు. బుట్టవలతో చేపలు పట్టి కుటుంబాన్ని పోషించిన మనిషి ఆమె. “గడ్డి లేకుంటే చేప గుడ్లు యాడ పెడ్తదక్కా? పిల్లలు యాడ దాక్కుంటయి? మీరే గద తీసేసింది” అన్నది కన్నమ్మ. ఆ మాటను ఉన్నది ఉన్నట్లుగా 2012 నాటి సమావేశంలో వినిపించి, నీటిగడ్డిని తిరిగి నాటుదామని పుష్పలత గారు ప్రతిపాదించారు. “తప్పు ఎవరిదని కాదు, ఇప్పుడేం చేద్దామన్నదే ముఖ్యం” అని కూడా అన్నారు. అందరూ దానిని సంస్కారమని మెచ్చుకున్నారు. వెంకటనారాయణకు మాత్రం నలుగురిలో తన చెంప మీద కొట్టినట్లనిపించింది.

పథకం మంజూరైంది. వెదురు తడకలతో జలాశయంలో ఆరు మళ్లు కట్టారు. అడవిలోని వాగుమడుగుల నుంచి గడ్డిదుబ్బులను తడిగోనెలలో మోసుకువచ్చి, వేళ్లను బంకమట్టి ముద్దలో పెట్టి, గోనెపీలికతో చుట్టి అడుగున దించారు. మొదటి ఏడాది అన్నీ కుళ్లిపోయాయి. రెండో ఏడాది కొట్టుకుపోయాయి. “వానకాలంల నాటితె బురదనీళ్లల్ల దానికి ఊపిరాడదు. నీళ్లు తేటపడ్డంక, వాగు వచ్చి కలిసేకాడ నాటాలె” అని కన్నమ్మ చెప్పగా, ఆరో మడిని వాగు మూలకు మార్చారు.

2015 ఫిబ్రవరిలో ఆ పనిని తనిఖీ చేసే బాధ్యత వెంకటనారాయణకు అప్పగించబడింది. పడవ నడిపింది కన్నమ్మ భర్త బొజ్జయ్య. ఐదు మళ్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ మడి కనబడిన ప్రతిసారీ తన ఛాతీలో ఏదో తేలికపడడం వెంకటనారాయణ గమనించాడు. దానిని చూసి సిగ్గుపడలేదు. ఆరో మడి దగ్గర బొజ్జయ్య తెడ్డు ఆపి, “సారు, గీడ సూడుండ్రి. మొలిశింది” అన్నాడు. తేటనీళ్లలో, మోకాలెత్తున, పచ్చగా గడ్డి ఊగుతోంది. చీపురుపుల్లంత చేపపిల్లలు దానిలో దూరి బయటికి వస్తున్నాయి.

“చూశాను. పడవ తిప్పు” అన్నాడు వెంకటనారాయణ.

‘పరిశీలించిన ఐదు మళ్లలో మొక్కల జాడ లేదు’ అని అతడు రాశాడు. ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆరవదాని ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ నివేదిక ఆధారంగా పథకం ఆగిపోయింది, పుష్పలత గారు క్షేత్రం నుంచి గ్రంథాలయానికి మార్చబడ్డారు. ఆ రోజు పడవలో ఏం జరిగిందో బొజ్జయ్య వారికి చెప్పే ఉంటాడని వెంకటనారాయణకు తెలుసు. ఫిర్యాదు వస్తుందని నెలల తరబడి ఎదురుచూశాడు. రాలేదు.

ఫిర్యాదుకు బదులు వారు చేసిన పనిని ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. ప్రతి ఆదివారం సొంత ఖర్చుతో, తొలి బస్సులో పాలవాగుకు వెళ్లి, కన్నమ్మతోను గూడెంలోని మరి నలుగురు ఆడవాళ్లతోను కలిసి ఆరో మడి దుబ్బులను చీల్చి పక్కన నాటడం ప్రారంభించారు. నీళ్లు లోతయ్యే కొద్దీ గట్టు మీద నుంచి పని కుదరలేదు. పుష్పలత గారికి ఈత రాదు. యాభై ఒకటో ఏట, పంజాబీ డ్రెస్సు మీద నడుముకు తాడు కట్టించుకుని, రెండు ఖాళీ నూనెడబ్బాలు ఆసరాగా నీళ్లలో దిగారు. “నీళ్లను కొట్టకక్కా. నీళ్ల మీద పండుకో” అని కన్నమ్మ గట్టు మీద నుంచి కేకలు వేసేది. ఆ వేసవిలో ప్రతి సోమవారం పుష్పలత గారు చెవుల్లో నీళ్లు నిండి ఆఫీసుకు వచ్చేవారు. ఫైలు అడిగితే కాఫీ తెప్పించేవారు, కాఫీ అడిగితే ఫైలు తెచ్చేవారు. అందరం నవ్వుకునేవాళ్లం. వెంకటనారాయణ అందరి కంటే గట్టిగా నవ్వాడు. ఏడేళ్ల వయసు నుంచి కాలువల్లో ఈదిన తాను ఒక్కసారైనా ఆ నీళ్లలో దిగలేదన్న సంగతి ఆ నవ్వు మధ్యలోనే తట్టింది.

2019 నాటికి ఆ గడ్డి జలాశయపు సగం అంచుకు వ్యాపించింది. వదిలిన గడ్డిచేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టలేవు గనుక, ఉన్నవాటిని ఏటేటా పట్టి తీసేశారు. నీళ్లు తేటపడ్డాయి, కొర్రమీను తిరిగి వచ్చింది. కొత్తగా వచ్చిన డైరెక్టరు పడవలో తిరిగి చూసి, ఇంత మంచి పథకాన్ని ఎవరు ఆపించారని ఫైలు తెప్పించారు. ఆ గదిలో వెంకటనారాయణ కూడా ఉన్నాడు.

“ఐదు మళ్లు పోయినమాట నిజమే సార్” అన్నారు పుష్పలత గారు. “రిపోర్టులో ఉన్నది కరెక్టే. అందుకే ఆ ఐదు చోట్లా వదిలేసి ఒక్క చోటనే పెంచినం.”

ఫైలు సంగతి అక్కడితో ముగిసింది. వెంకటనారాయణకు మాత్రం అంతకు ముందు లేని బాధ ఒకటి మొదలైంది. అంతవరకు వారి పనిని చూసి కుళ్లుకున్నాడు. ఇప్పుడు వారి మనసును చూసి కూడా కుళ్లుకోవలసి వచ్చింది. వారం రోజులు ఆగి, వరండాలో వారిని నిలిపి ఎందుకు కాపాడారని అడిగాడు.

“మిమ్మల్ని కాపాడలేదండి” అన్నారు వారు. “మీ సంగతి ఎత్తితే ఎంక్వయిరీ అంటరు, గడ్డి సంగతి మరుస్తరు. నాకు గడ్డి కావాలె. కోపమంటారా, ఇప్పటికీ ఉంది. మీ అమ్మాయి సాయిప్రియకు సీటొచ్చిందని స్వీట్లు పంచిండ్రు చూడండి, నేను తినలే. బొజ్జయ్యకిచ్చిన.”

క్షమించానన్న మాట వారు అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి వెంకటనారాయణ ముందుగదిలోని ప్రశంసాపత్రాన్ని తీసి అటక మీద పెట్టాడు. హైమ ఎందుకని అడిగితే, జరిగినదంతా మొదటిసారి చెప్పాడు.

ఈ సంచికలో వ్యాసం ఎవరు రాయాలని కమిటీ అడిగినప్పుడు, వెంకటనారాయణ పేరు చెప్పినవారు పుష్పలత గారే. తనిఖీ సంగతి కూడా రాయవచ్చునా అని అతడు వారిని అడిగాడు. “రాస్తే సక్కగ రాయండి. నన్ను దేవతను చేయకండి, మీరు పుణ్యాత్ములు కాకండి” అన్నారు. ఆ షరతుకు లోబడే ఈ వ్యాసం రాయబడింది. కనుక మరొక మాట కూడా రాయక తప్పదు. గత నెలలో మొదటిసారిగా అతడు ఆ నీళ్లలో దిగి, కళ్లు తెరిచి చూశాడు. తలకు మించిన పచ్చదనం, దాని మధ్య నుంచి వాలిన ఎండ, గుంపులుగా చేపపిల్లలు. అతనికి కలిగిన తొలి భావం ఆనందం కాదు. ‘ఇది నాది కావలసింది’ అన్నది.

సెప్టెంబరు ఒకటి నుంచి పాలవాగు బాధ్యతలు వెంకటనారాయణకే అప్పగిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. అతనికి ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ముప్పై ఆరేళ్లుగా కోరుకున్నది చేతికి వచ్చేసరికి, ఏ మూల ఎప్పుడు నాటాలో, ఏ దుబ్బును ఎక్కడ చీల్చాలో తనకు ఏమీ తెలియదని అతడు గ్రహించాడు. కన్నమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, “ఆదివారం రాండ్రి సారు. అక్క కూడ వస్తనన్నది” అన్నది.

సహోద్యోగులందరి పక్షాన పుష్పలత గారికి హృదయపూర్వక అభినందనలు. వారి మోకాళ్లు నొప్పి ఎరగకూడదు, వారి ఊపిరి నీటి కింద ఇంకా నాలుగు క్షణాలు ఎక్కువ నిలవాలి, గూడెంలో వారికోసం వండిన కూర వారు వేడిగా తినగలగాలి. వెంకటనారాయణ ఇంకా చాలా ఏళ్లు వారిని చూసి అసూయపడవలసి ఉన్నది. అందుకోసమైనా వారు ఆయురారోగ్యాలతో, చల్లగా, దీర్ఘకాలం వర్ధిల్లుదురు గాక.