పరీక్షకు పంపిన దిమ్మెలు

పది గంటలకు విలేకరులు వస్తారు. కాంక్రీటు పరీక్షించే ల్యాబులో పనిచేసే అక్క రాసుకున్న కాగితాన్ని తమ్ముడు వంటింట్లో నిలబడే చదవడం మొదలుపెట్టాడు.

"కాంట్రాక్టరు పేరూ, ఇంజనీరు పేరూ రాసేశావు. బడి స్లాబు కూలి వారమేగా అయింది. విచారణ కానివ్వొచ్చుగా అక్కా?"

"విచారణలో మా ల్యాబు రిపోర్టే చూపిస్తారురా. కాంక్రీటు భేషుగ్గా ఉందని ఉంటుంది అందులో."

"మరి బాగున్నట్టేగా?"

"స్లాబుకి ఒక రకం కలిపారు, పరీక్షకి పంపే దిమ్మెలకి ఇంకో రకం. ఆ దిమ్మెలు మా మిషను కింద ఒక పట్టాన పగిలేవి కావు. అవి వేరేగా కలిపి పంపినవని నాకు అప్పుడే తెలిసిపోయింది."

"తెలిసీ సంతకం పెట్టావా?"

"పెట్టాను. అందరూ చేసేదేలే అనుకున్నాను."

తమ్ముడు గబగబా చివరి పేరా చదివాడు. "నీకేమైనా పిచ్చా? అది కూడా ఇందులో రాశావు! ఆ చివరి పేరా కొట్టెయ్యి. ఉద్యోగం పోతుంది, కేసు కూడా పెడతారు."

"పెట్టనీ. అది కొట్టేస్తే మిగతాది ఎవరు నమ్ముతారు?"

"పోనీ, కింద సంతకమైనా పెట్టకు."

"ఆ పెన్నిలా ఇవ్వు. రిపోర్టు మీద ఎలా పెట్టానో అచ్చం అలాగే పెడతాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలిగా వాళ్ళు."