హెలెద్ అడిగిన ప్రశ్న

పొగమంచు వేల్స్ కొండ దిగి గొర్రెల దొడ్డిని కమ్మేసింది. మనవరాలు హెలెద్ బడికి వెళ్లిపోయినా, దాని మాట ఆ పెద్దావిడ చెవుల్లోనే తిరుగుతోంది. దొడ్డిలో పక్కనే ఉన్న భర్తతో అంది.

"హెలెద్ ఏమడిగిందో తెలుసా? తాతకీ నీకూ పోట్లాటా అని."

"మనకా? ఎందుకట?"

"దానితో వెల్ష్‌లో మాట్లాడతాం. కుక్కతోనూ అంతే. మనిద్దరం మాత్రం ఇంగ్లీషు."

"లివర్‌పూల్ డాన్సు హాల్లో తొలిసారి కలిసినప్పుడు నువ్వే కదా ఇంగ్లీషులో పలకరించావు! ఇంగ్లండు దొరసానివనుకున్నా."

"నేనూ నిన్ను దొరవనే అనుకున్నా. ఇద్దరం వెల్ష్ వాళ్లమేనని తెలిసేసరికి అదే అలవాటైపోయింది."

"కార్డిఫ్‌లో మన వేల్స్ ప్రభుత్వమేమో మన భాష పదిలక్షల మంది మాట్లాడాలంటోంది. దానికోసం పెట్టే మీటింగుల్లో గట్టిగా చప్పట్లు కొట్టేది మనమే."

"ఇంట్లో చూస్తే ఇలా. మనల్ని చూసి, పెద్దయ్యాక అదీ మన భాష వదిలేస్తుందేమోనని నా భయం."

"ఈ వయసులో మార్చాలంటే సిగ్గేస్తుందే."

"కుక్క దగ్గర లేని సిగ్గు నా దగ్గరా?"

ఆయన గొంతు సవరించుకుని, వెల్ష్‌లో మెల్లగా అడిగాడు. "చలేస్తోందా?"

వెల్ష్ మాట్లాడే ఆ గొంతు ఇన్నేళ్లలో ఆమెను పలకరించింది ఇదే మొదటిసారి. మంచులో ఎవరో కొత్త కుర్రాడు నిలబడ్డట్టుంది.

"కొంచెం వేస్తోందండీ," అంది ఆమె, అదే భాషలో. "ఇంతకీ మీది ఏ ఊరు?"