యోసెఫ్ పేరు

పిట్స్‌బర్గ్, 1984. మేడమీద గదిలో అద్దెకుండే యూదుల అమ్మాయి, కాలేజీ విద్యార్థిని, మధ్యాహ్నం పూట ఇంటావిడ వంటింట్లో ఫోను తిప్పుతోంది.

"మళ్లీ మీ నానమ్మకేనా?"

"పొద్దున ఒకసారి మాట్లాడాక మళ్లీ ఎత్తడం లేదాంటీ. రేపే నా ప్రయాణం. లెనిన్‌గ్రాడ్‌లో ఆవిడ తమ్ముడు యోసెఫ్‌కి ఏం చెప్పమంటుందో అడుగుదామని."

"ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందన్నావుగా?"

"ఆయన కూతురు రాసింది. అక్కడ ఉత్తరాలు విప్పి చదువుతారు, అందుకే ఎప్పుడూ రెండు ముక్కలే రాస్తుంది. తనకి కొడుకు పుట్టాడట. యోసెఫ్ అని పేరు పెట్టారట."

"తాత పేరన్నమాట. మా వాడికీ మా మామగారి పేరే. తిడదామంటే నోరు రాదు."

"అప్పటికి మీ మామగారు బతికే ఉన్నారా?"

"నిక్షేపంగా. ఇప్పటికీ ఉన్నారు. అదేంటి, ఫోను పెట్టేశావు?"

"మాలో బతికున్నవాళ్ల పేరు పిల్లలకి పెట్టరాంటీ. నాకిప్పుడు తట్టింది."

"ఉత్తరం సంగతి నానమ్మకి తెలుసా?"

"పొద్దున్నే ఫోన్లో చదివి వినిపించాను. నవ్వుతూ కంగ్రాట్యులేషన్స్ కూడా చెప్పాను. ఆవిడేమీ మాట్లాడలేదు. లైన్ కట్టయిందనుకున్నాను."

"ఇంట్లో ఒక్కతేనా?"

"ఒక్కతే. ఊరికి ఆ చివర."

"కోటు వేసుకో. కారు తీస్తాను."