దేవానందం టీ గ్లాసు

ఏందిరా బాలశౌరీ, నీ ఫోను ఇయ్యాల నోరెత్తట్లేదు? కోత మిషనుకి అంటించిన ఆ డబ్బా, బేరింగు వణుకుతోంది ఆపు ఆపు అని నిన్నంతా నీ ఫోన్లో ఒకటే మొత్తుకుందిగా. సర్దుకుందా? దానంతటదే? బాగానే ఉంది. కూర్చో, మీ డ్రైవరు రఫీకు డీజిలు పోసుకునేలోగా టీ తాగు. మిషను వణుకు కనిపెట్టటం మీరే కొత్తగా నేర్చినట్టు చెప్తావు గానీ, మన కారంపూడిలో ఆ పని టీ గ్లాసు చేసేది. నవ్వమాక, గ్లాసే. మెకానిక్కు దేవానందం అని ఉండేవాడులే, నువ్వు పుట్టకముందే పోయాడు.

మనిషి చానా పొడుగు, చొక్కా మాత్రం ఎవరో పొట్టోడిది. ఏ కళ్లంలో నూర్పిడి మిషను ఆడుతున్నా వచ్చి, 'టీ పెట్టించు బావా' అనేవాడు. టీ యావ అనుకునేవాళ్లం. తాగితేగా! గ్లాసు అంచుదాకా పోయించి, ఆడుతున్న మిషను బేరింగు మూత మీద పెట్టి, గొంతుకూర్చుని టీ వంకే చూసేవాడు, పెళ్లిచూపులకొచ్చినట్టు. గుండ్రంగా అలలొస్తే డ్రమ్ము తూకం తప్పిందనేవాడు. సన్నగా, ఒళ్లు జలదరించినట్టు వణికితే మాత్రం ఒక్క ఉదుటున లేచి బెల్టు తీయించేవాడు. 'బేరింగు లోపల గోలీలు అరిగినయ్ బావా, ఇంక ఆడించమాక.' ఆ తర్వాత చల్లారిన టీ మీగడతో సహా తాగేవాడు. మా ఇంటిది నాగేంద్రమ్మ, 'కట్టుకున్నదానికి లేదు గానీ ఇనపముక్కకి టీ' అని సణిగేది. టీ డాక్టరు అని పేరు పెట్టింది నేనే. వాడొస్తుంటే కళ్లంలో అందరం దగ్గేవాళ్లం, చెయ్యి చాపి 'నాడి చూడు డాక్టరూ' అని. వాడూ నవ్వేవాడు. ఏం చేస్తాడు మరి.

ఆ ఏడు కుప్ప నూర్చేప్పుడు మబ్బు పట్టింది. రేడియోలో తుపానన్నారు. మిషను అప్పటికే ఒకరకంగా గరగరమంటంది, నాకూ తెలుస్తానే ఉంది. వీడొచ్చి బెల్టు తీయిస్తే, నరసరావుపేట పోయి బేరింగు తెచ్చేసరికి నా వడ్లు కుప్పలోనే మొలకలొస్తయ్. తెగిపోయిన హవాయి చెప్పొకటి పడుంటే, గ్లాసు అడుగంత మెత్తటి ముక్క కోసి, కనపడకుండా గ్రీజు పూసి, బేరింగు మూత మీద పెట్టా. 'నువ్వు చేతులు కడుక్కునిరా, గ్లాసు నేను పెడతాలే' అన్నా. చానా మర్యాదగా.

వచ్చి కూర్చున్నాడు. టీ కదిలితేగా, కాలవ కట్టేసినప్పటి నీళ్లలాగా ఉంది. మిషను వంక చూశాడు, టీ వంక చూశాడు. 'చప్పుడు మారింది బావా. టీ మాత్రం బాగుందంటంది' అన్నాడు. 'నీ టీ ఎప్పుడన్నా అబద్ధం చెప్పిందా డాక్టరూ?' అన్నా. అందరూ ఘొల్లుమన్నారు. వాడూ నవ్వి, 'అదీ నిజమే, ఆడించు' అన్నాడు.

మధ్యాన్నం బేరింగు పట్టేసి షాఫ్టు విరిగింది. కట్టలందించే అంకారావుకి కుడిచెయ్యి మోచేతిదాకా పోయింది. ట్రాక్టరులో నరసరావుపేట దాకా ఆ చేతికి తువ్వాలు బిగించి పట్టుకుంది దేవానందమే. నేనా? నేను ముందు చెప్పుముక్క తీసి జేబులో వేసుకున్నా.

ఊరంతా ఒకటే మాట, 'టీ డాక్టరు చూసి బాగుందన్నాడంట!' నేనూ అన్నా. అందరికంటే గట్టిగా అన్నా. ఆ తర్వాత వాడు ఏ మిషను మీదా గ్లాసు పెట్టలా. నడికుడి పోయి సైకిలు షాపులో పంచర్లు వేసుకున్నాడు. చివరి రోజుల్లో చూడబోతే మంచంలోంచి అదే అడిగాడు, 'ఆ రోజు టీ ఎందుకు కదల్లేదు బావా?' దేవుడికే తెలియాల అన్నా. నిజమేనని తలూపాడు. నా మాటంటే అంత గురి.

అంకారావు ఇప్పటికీ ఎడంచేత్తోనే దణ్ణం పెడతాడు, నాక్కూడా.

టీ చల్లారుతోంది, తాగవేంరా? సరేగానీ, పొద్దున మీ మిషను పక్కనుంచే వచ్చా. ఆ డబ్బా కింద నీలంగా ఏందిరా అది? మెత్తటిది? నాకు చెప్పమాకలే. నీకు తెలుసు, నాకు తెలుసు. మిషనెక్కే రఫీకుకి తెలుసా?

అదుగో, స్టార్ట్ చేశాడు. ఇంకా కూర్చున్నావేందిరా?