పరిగెత్తేవాళ్లను వదిలేసిన ఫోకస్

పత్రికలో ఉన్న ఒకే ఒక్క ఫొటోగ్రాఫర్ ఉద్యోగానికి అక్కాచెల్లెళ్లిద్దరూ పోటీపడ్డారు. పరీక్షగా తీయమన్న పరుగుపందెం ఫొటోలు పత్రికవాళ్లకు చూపించి వచ్చిన చెల్లెలు, కెమెరాను అక్క ముందు బల్ల మీద పెట్టింది.

"నావన్నీ మసగ్గా వచ్చాయక్కా. ఒక్కటీ పనికిరాదన్నారు."

"అయ్యో! చెయ్యి వణికిందేమోనే."

"చెయ్యి కాదు. కదిలేవాళ్లను వెంటాడే ఫోకస్ తీసేసి, ఒకసారి పట్టుకున్నచోటే ఆగిపోయేది పెట్టారు. చిన్న తెర మీద బాగానే కనిపించాయి. పెద్దగా చేసి చూస్తేగానీ తెలియలేదు."

"పొరపాటున నువ్వే మార్చేసి ఉంటావు."

"ఆ సెట్టింగులు నేనెప్పుడు ముట్టుకున్నాను? మొదట్నుంచీ నా కెమెరా సిద్ధం చేసిచ్చేది నువ్వే కదా!"

అక్క తల దించుకుంది. "నా వయసుకి ఇంకో అవకాశం రాదే. నా బుద్ధి గడ్డి తింది."

"ఒక్కమాట అడిగుంటే, నేనసలు మైదానానికే వచ్చేదాన్ని కాదు కదక్కా!"

అక్క ఏడ్చింది. చెల్లెలికి ఏడుపు రాలేదు.

"ఆ ఫోకస్ ఎలా మార్చాలో చెప్పు. ఇకమీదట నా కెమెరా నేనే చూసుకుంటా."

"ఇలా ఇవ్వు, మార్చిస్తా," అంటూ అక్క చెయ్యి చాచింది.

చెల్లెలు కెమెరాను ఒళ్లోకి లాక్కుంది.

"నోటితో చెప్పు, చాలు."